త్రీడీ నమూనాలకు నిలుకడగల రంగు

మాతృభాషలో బిడ్డలచే ఓనమాలు దిద్దించుటకై మన సంఘము ఈ పాఠశాలను నడుపుచున్నది. అయితే ఆ అక్షరములను చేతితో తాకి, వ్రేలితో దిద్ది నేర్చుకొనుటకు వీలైన అక్షర ఫలకములు మన పట్టణపు అంగళ్లలో దొరకుట లేదు. కన్నడ అక్షరముల ఫలకములును, ఇంగ్లీషు అక్షరముల ఫలకములును కోరినన్ని కలవు. తెలుగు అక్షరములు కావలెనన్నచో మనమే చేసికొనవలయును. ఇందులకు త్రీడీ ముద్రణ యంత్రము మిక్కిలి అక్కరకు వచ్చుచున్నది. పై తరగతుల విద్యార్థులు కంప్యూటరుపై అక్షరమును గీచి, యంత్రముచే దానిని ప్లాస్టిక్కు ఫలకముగా తీయించి, రంగు వేసి, శిశుతరగతి తమ్ములకును చెల్లెండ్రకును ఇచ్చుచున్నారు.

ఈ పనిలో యంత్రము చేయు భాగము చూచుటకు వింతగా నున్నను సులభమైనది. కష్టమైనది రంగు. పసివారి చేతులలో చెమట యుండును. దొరికినదెల్ల నోటిలో పెట్టుకొనుట వారికి అలవాటు. ఫలకములను నేలకు కొట్టుదురు, ఒకదానిపై నొకటి రాచెదరు. ఆ రాపిడికి రాలిన రంగు ఎక్కడికి పోవును? కొంత నేలపైకి, కొంత బిడ్డ కడుపులోనికి. కావున రంగు నిలుచుట అందమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, ఆరోగ్యమునకు సంబంధించిన ప్రశ్న కూడ. సెలవులలో ఇండ్లవద్దను ఈ పని చేయుటకు పిల్లలు ఉబలాటపడుచున్నందున, తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులను ఇందు వివరించుచున్నాము.

మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఒక్కటే. రంగు ఎంతకాలము నిలుచుననునది చాలవరకు డబ్బా మూత తీయకముందే నిర్ణయమగును. మంచి రంగు కొనుట అవసరమే; కాని దాని క్రింది పని చక్కగా జరుగనిచో ఎంత వెలగల రంగైనను పెచ్చులుగా లేచిపోవును.

శీఘ్ర నమూనా అనగా నేమి?

పూర్వము కర్మాగారములలో ఒక క్రొత్త వస్తువును తయారు చేయదలచినప్పుడు, ముందుగా కొయ్యతో చెక్కియో, అచ్చు పోసియో నమూనా చేసెడివారు. అందుకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టెడిది. 1980 తరువాత ఆ నమూనాను శీఘ్రముగా తీయు యంత్రములు వచ్చినవి. అమెరికా దేశస్థుడగు చార్లెస్ హల్ ద్రవరూపమైన రెజిన్‌ను అతినీలలోహిత కాంతిచే పొరపొరగా గట్టిపరచు పద్ధతికి 1984లో పేటెంటు కోరగా, 1986లో అది లభించినది. ఆ దశాబ్దముననే టెక్సాస్ విశ్వవిద్యాలయమున కార్ల్ డెకార్డ్ పొడిని లేసరు కిరణముచే కరగించి అతికించు పద్ధతిని రూపొందించెను. కరగిన ప్లాస్టిక్కు తీగను సన్నని ముక్కు గుండ వరుసలుగా పేర్చు పద్ధతికి స్కాట్ క్రంప్ 1989లో పేటెంటు కోరెను. ఆ పేటెంటు గడువు 2009లో తీరుటతో తక్కువ వెల యంత్రములు లోకమంతట వ్యాపించినవి. మన దేశమున 2016లో ఆరంభమైన అటల్ టింకరింగ్ ల్యాబు పథకము వలన అనేక పాఠశాలలకు ఇట్టి యంత్రములు వచ్చినవి.

ఈ మూడు పద్ధతులకును సామాన్యమైన లక్షణమొకటి కలదు. వస్తువు పొరలు పొరలుగా పెరుగును. పాఠశాలలలోని తీగ యంత్రములలో ఒక్కొక్క పొర తరచుగా 0.2 మిల్లీమీటరు మందముండును. అందుచే వస్తువు ప్రక్కలు చుట్ట చుట్టిన తాడువలె గీతలు గీతలుగా కానవచ్చును. ఒకసారి పూసిన రంగు ఆరిన తరువాత మిగులు పొర మందము మిల్లీమీటరులో నూరింట రెండు మూడు పాళ్లు మాత్రమే. అంత పలుచని పొర ఆ గీతలను కప్పజాలదు. పైగా నిగనిగలాడు రంగు వేసినచో వెలుతురు పడి గీతలు మరింత స్పష్టముగా కనబడును. ఆ గీతల నడుమ మురికియు, చేతి జిడ్డును చేరి, రంగు పట్టును చెరచును.

మన బొమ్మలవారు ఎరిగిన సూత్రము

రంగుకు ముందు పని ముఖ్యమను సంగతి మనకు క్రొత్త కాదు. కృష్ణాతీరమున కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేయువారు, అవయవములను చెక్కి అతికిన పిదప, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకులను, పల్లములను పూడ్చి నునుపు చేయుదురు. దానిపై సున్నపు పూత వేసి ఆరనిచ్చి, అటుపిమ్మటనే రంగులు దిద్దుదురు. నేటి పరిభాషలో మక్కు లప్పము. సున్నపు పూత ప్రైమరు.

విశాఖ ప్రాంతపు ఏటికొప్పాకలోను, మన కర్ణాటకమునందలి చన్నపట్నములోను పద్ధతి వేరు. రెండు చోట్లను వాడునది పాలకొడిసె జాతి కర్రయే. ఏటికొప్పాకవారు దానిని అంకుడు కర్ర యందురు. తరిమెనపై తిరుగుచున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కణికను ఒత్తగా, రాపిడి వేడిమికి లక్క కరగి కర్రకు గట్టిగా పట్టుకొనును. పిదప మొగలి ఆకుతో మెరుగు పెట్టుదురు. ఇచ్చట వేరు ప్రైమరు లేదు. ఏలయన ఆ కర్రకును ఆ లక్కకును సహజముగనే పొత్తు కుదిరినది. క్రింది వస్తువు నెరిగి దానికి తగిన పూతను ఎంచుకొనుటయే ఈ రెండు సంప్రదాయముల సారము. ప్లాస్టిక్కు విషయమునను ఇదియే సూత్రము.

ప్లాస్టిక్కు జాతి నెరుగుట

రంగు కొనుటకు ముందు మీ బిడ్డను "ఈ వస్తువు ఏ ప్లాస్టిక్కుతో చేసితివి?" అని అడుగుడు. తీగ చుట్టపై ఆ పేరు వ్రాసియుండును.

పి.ఎల్.ఎ. అనునది పాఠశాలలలో ఎక్కువగా వాడబడునది. మొక్కజొన్న, చెరకు మొదలగు వానినుండి తీయబడును. ప్రైమరు దీనిపై చక్కగా పట్టును. కాని ఇది సుమారు 60 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే మెత్తబడును. కావున రంగు త్వరగా ఆరుటకై పొయ్యి దగ్గరను, మే నెల ఎండలో మూసిన కారులోను ఉంచరాదు. నల్లని రంగు వేడిని ఎక్కువగా పీల్చును గనుక, ఎండలో నుండు వస్తువులకు లేత రంగులే తగినవి.

ఎ.బి.ఎస్. ఇంతకంటె గట్టిది, సుమారు 100 డిగ్రీల వరకు వంగదు. కాని బలమైన థిన్నరులు దీని పైపొరను కరగించును. కొద్దిగా కరగినచో పట్టు పెరుగును. మితిమీరినచో వస్తువున సన్నని పగుళ్లు పుట్టును. పి.ఇ.టి.జి. అనునది నున్నగా నుండుటచే, దానిని బాగుగా గరుకు చేసినగాని పూత పట్టదు.

పొడితో చేసిన నైలాను వస్తువులు పట్టణములలోని వర్కుషాపులలో చేయించుకొనబడును. ఇవి సూక్ష్మ రంధ్రములు కలిగి, మొదటి పూతను ఇసుక నీటిని పీల్చినట్లు పీల్చును. కావున ముందుగా అంటియున్న పొడిని పూర్తిగా దులిపి, రంధ్రములను మూయు ప్రైమరు వేయవలయును. ఇక రెజిన్ వస్తువులు మిగుల నునుపైనవి. వాటితో ప్రమాదమును ఎక్కువే. పూర్తిగా గట్టిపడని రెజిన్ చర్మమునకు హాని చేయును; దానిపై రంగును ఆరదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, అతినీలలోహిత కాంతిలో పూర్తిగా గట్టిపరచిన పిదపనే ప్రైమరు వేయవలయును. ఈ పని పెద్దల చేతిమీదుగా జరుగవలసినదేగాని పిల్లలకు విడువదగినది కాదు.

ముందు పని

ఇందు ఐదు మెట్లు కలవు. ఏ మెట్టును దాటిపోరాదు.

మొదటిది, గోకుట. ముద్రణ సమయమున ఆధారముగా నిలిచిన ప్లాస్టిక్కు ముక్కలను, వ్రేలాడు పోగులను తీసివేయవలయును.

రెండవది, రుద్దుట. 180 లేక 220 నంబరు వాటరు పేపరుతో మొదలిడి, 320, 400 నంబర్లకు రావలయును. పొడిగా కాక నీటితో తడిపి రుద్దుట మేలు. పొడిగా రుద్దినచో రాపిడి వేడిమికి పి.ఎల్.ఎ. మెత్తబడి కాగితమున కూరుకొనును. ధూళి ఊపిరితిత్తులకు పోవును. నీరు ఈ రెండింటిని నివారించును.

మూడవది, కడుగుట. సబ్బునీటితో కడిగి, నీరు పూర్తిగా ఆరిన పిదప వస్తువును ఒట్టి చేతితో తాకరాదు. వ్రేలి జిడ్డు కంటికి కనబడదు. కాని ఆ వ్రేలిముద్ర ఉన్నచోటనే రంగు మొదట లేచును.

నాల్గవది, లప్పము. లోతైన గీతలను, పల్లములను కార్లకు వాడు సన్నని లప్పముతో పూడ్చి, ఆరిన తరువాత మరల రుద్దవలయును.

ఐదవది, ప్రైమరు. నింపు గుణము గల బూడిదరంగు ప్రైమరును రెండు మూడు పలుచని పూతలుగా వేసి, 400 నంబరు కాగితముతో తేలికగా రుద్దవలయును. బూడిదరంగుపై లోపములు స్పష్టముగా కనబడును. గీత యింకను కనబడినచో మరియొక పూత వేసి మరల రుద్దవలయును. ప్రైమరు ప్లాస్టిక్కును ఒక చేతను, రంగును మరియొక చేతను పట్టుకొను మధ్యవర్తి. అది లేనిచో ఇరువురికిని చుట్టరికము కుదురదు.

రంగుల ఎంపిక

నీటితో కలియు అక్రిలిక్ రంగులు వాసన తక్కువగలవి. బ్రష్షును నీటితో కడుగవచ్చును. పిల్లలు వాడదగినవి ఇవియే. గట్టిదనమున మిగిలిన వానికంటె తక్కువైనను, పైన నీటి ఆధారముగల వార్నిషు రెండు పూతలు వేసినచో ఇంటి వాడుకకు చాలును.

కొయ్య తలుపులకు వాడు సింథటిక్ ఎనామెలు గట్టిది, చౌక. కాని లోపలివరకు గట్టిపడుటకు వారములు పట్టును. తొందరపడి వాడినచో వ్రేలిముద్రలు పడును.

స్ప్రే డబ్బాలలో లభించు లాకరు రంగులు త్వరగా ఆరి నునుపుగా వచ్చును. వీనిలోని ద్రావకములు ఘాటైనవి, నిప్పంటుకొనునవి.

రెండు డబ్బాల పాలీయురిథేను రంగు కార్లకు వేయునది. రాపిడికి, ఎండకు, పెట్రోలునకు తట్టుకొనుటలో మిగిలినవి దీనికి సాటిరావు. అయితే దీని గట్టిపరచు ద్రవమున ఐసోసయనేట్లు అను రసాయనములు కలవు. వీని తుంపరలు పీల్చినవారికి ఉబ్బసము రాగలదు. ఒకసారి శరీరము వీనికి ఎదురుతిరిగినచో, తరువాత స్వల్పమాత్రయు ఓర్వలేని స్థితి యేర్పడును. గుడ్డ మాస్కు వీనిని ఆపజాలదు. కావున పాఠశాలలోగాని ఇంటగాని దీనిని స్ప్రే చేయరాదు. అంతటి మన్నిక తప్పనిసరియైన వస్తువును తగిన గదియు రక్షణ సాధనములును గల పెయింటింగు వర్కుషాపునకు ఇచ్చుటయే వివేకము.

మరియొక హెచ్చరిక. క్రింది పూతయు పై పూతయు ఒకే జాతికి చెందియుండవలయును. పూర్తిగా గట్టిపడని ఎనామెలుపై ఘాటైన థిన్నరుగల లాకరు పడినచో క్రింది పూత ముడుతలు పడి లేచును. ప్రైమరు, రంగు, పై వార్నిషు మూడును ఒకే తయారీదారునివి తీసికొనుట క్షేమము.

పూయు విధము

ఒక్క దళసరి పూతకంటె మూడు పలుచని పూతలు మేలు. దళసరి పూత పైన ఆరి లోపల పచ్చిగా నుండును. కారి చారలు కట్టును. స్ప్రే డబ్బాను సుమారు 20 నుండి 25 సెంటిమీటర్ల దూరమున పట్టి, వస్తువు అంచునకు వెలుపల మొదలుపెట్టి, ఆవలి అంచు దాటిన పిదప ఆపవలయును. ఒక్కొక్క వరుస ముందటి వరుసలో సగమును కప్పవలయును.

వర్షాకాలమున తొందర కూడదు. గాలిలో తేమ మిక్కుటముగా నున్నప్పుడు లాకరు వేసినచో, ద్రావకము ఆవిరియగునప్పటి చల్లదనమునకు తేమ పూతపై పేరుకొని తెల్లని మసక పట్టును. వాన వెలసిన దినము వరకు ఆగుట మంచిది.

"ఆరినది" యనుటకును "గట్టిపడినది" యనుటకును భేదము కలదు. వ్రేలికి అంటకపోవుట మొదటిది. లోపలివరకు బిగిసి రాపిడికి ఓర్చుట రెండవది. మొదటిదానికి నిమిషములు, రెండవదానికి దినములు పట్టును. అక్రిలిక్ పూతగల ఫలకములను కనీసము ఏడు దినములు గాలి యాడుచోట ఉంచిన పిదపనే పసివారికి ఇయ్యవలయును.

రంగునకును మందముండునని మరువరాదు. ప్రైమరు, రంగు, వార్నిషు కలిసి 0.1 మిల్లీమీటరు మందమైనచో, ఇరుసు తిరుగు రంధ్రము ఇరువైపుల కలిపి 0.2 మిల్లీమీటరు ఇరుకగును. చక్రములు, మూతలు, కీళ్లు గల నమూనాలలో ఆ చోట్లకు కాగితపు టేపు అంటించి రంగు పడకుండ కాపాడవలయును. లేదా ముద్రించునప్పుడే ఆ మేరకు రంధ్రమును పెద్దది చేయవలయును.

అరుగుదలను ముందే ఊహించుట

రంగు మొదట అరుగునది అంచులయందే. తడిరంగు పదునైన అంచునుండి వెనుకకు లాగుకొనుటచే అచ్చట పొర పలుచబడును. రాపిడి తగులునదియు అచ్చటనే. కావున నమూనాను గీయునప్పుడే అంచులను ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర గుండ్రము చేయవలయును. తెలుగు అక్షరములు స్వభావముననే గుండ్రనివగుట మనకు కలిసివచ్చినది. తలకట్టు కొనయు, ఒత్తుల చివరలును మాత్రము కొంచెము మొద్దుబారునట్లు గీసినచో చాలును.

ఇంతకంటె మేలైన ఉపాయము అక్షరమును ఉబ్బెత్తుగా గాక గాడిగా చెక్కించుట. ఫలకమును రంగు తీగతోనే ముద్రించి, గాడిలో మాత్రము రంగు నింపినచో, పెట్టెలో ఫలకములు ఒకదానితో నొకటి ఒరసికొన్నను ఆ రంగునకు దెబ్బ తగులదు. దిద్దు వ్రేలి రాపిడి మాత్రమే తగులును. ఫలకపు రంగు ప్లాస్టిక్కులోనే యున్నందున రాలుట యనునదే లేదు. శిశుతరగతి ఫలకములకు మేము ఈ విధానమునే సిఫారసు చేయుచున్నాము. రంగు తగ్గించుటయు మన్నికకు ఒక మార్గమే.

పరీక్ష

వస్తువుతోపాటు అదే ప్లాస్టిక్కుతో చిన్న బిళ్లను ముద్రించి, దానికిని అదే వరుసలో అన్ని పూతలును వేయవలయును. ఏడు దినముల తరువాత ఆ బిళ్లపై పదునైన బ్లేడుతో రెండు మిల్లీమీటర్ల ఎడముగా ఆరు గీతలను, వాటికి అడ్డముగా ఆరు గీతలను ప్లాస్టిక్కు తగులునంతవరకు పెద్దలు గీయవలయును. ఇరువదియైదు చిన్న గళ్లు ఏర్పడును. వానిపై అంటు టేపును గట్టిగా అదిమి, వేగముగా లాగవలయును. రంగుల పరిశ్రమలో ఐ.ఎస్.ఒ. 2409 అను ప్రమాణము ఈ పద్ధతినే విధించుచున్నది. గీతల అంచులు చెక్కుచెదరనిచో 0, మిక్కిలి చెడినచో 5 అని అందు తరగతులు కలవు. మనకు ఒక గడి మించి ఊడినచో ఆ పూత పనికిరానిదని భావింపవచ్చును.

ఊడినచోట ఏమి కనబడుచున్నదో పరికింపవలయును. ప్లాస్టిక్కు కనబడినచో దోషము కడుగుటలోనో, రుద్దుటలోనో కలదు. ప్రైమరు నిలిచి రంగు మాత్రము లేచినచో, రెండు పూతలకు పొత్తు కుదరలేదనియో, వ్యవధి చాలలేదనియో గ్రహింపవలయును. కారణమును ఊహించి, మరల ప్రయోగించి, ఫలితమును నోటుపుస్తకమున వ్రాసికొనుట పిల్లలకు విజ్ఞానశాస్త్ర పాఠమే యగును.

తల్లిదండ్రులు గమనింపవలసినవి

గృహాలంకరణ రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశమున 2016లో నిబంధనలు వెలువడి, 2017 నవంబరు నుండి అమలునకు వచ్చినవి. పారిశ్రామిక రంగులు ఈ నిబంధనలలో చేరవు. కావున ఇంట మిగిలిన పాత డబ్బాలోని రంగును, యంత్రములకు వేయు రంగును పిల్లల వస్తువులకు వాడరాదు. సీసము బిడ్డల మెదడు ఎదుగుదలకు హానికరము. దానికి ఇంతవరకు క్షేమము అను పరిమితి లేదు. అంగళ్లలో అమ్ము బొమ్మలకు 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యైనది. మనము చేసికొను ఫలకములు అమ్మకమునకు గాకున్నను, బొమ్మలకు తగినదని డబ్బాపై వ్రాసియున్న రంగునే కొనుడు.

స్ప్రే చేయుట ఆరుబయట, పెద్దల సమక్షమున, నిప్పునకు దూరముగా జరుగవలయును. వంటగదిలోను, దేవునియొద్ద దీపమున్న గదిలోను ఎంతమాత్రము పనికిరాదు. రెజిన్ కడిగిన ద్రవమును మోరీలో పోయరాదు. మూడేండ్లలోపు శిశువులకు రంగు వేసిన ఫలకములను, నోట పట్టునంతటి చిన్న ముక్కలను ఇయ్యరాదు. పెచ్చు లేచిన ఫలకమును ఆ దినమే వాడుకనుండి తొలగింపుడు.

చివరగా ఒక మనవి. పిల్లలు వస్తువును యంత్రమునుండి తీసిన వెంటనే రంగు వేసి చూపవలెనని ఆతురపడుదురు. రుద్దుట, కడుగుట, ఆగుట అను పనులకు మెప్పు లేదు. అవి పూర్తియైన వస్తువునందు కనబడవు. మీరు వారి చేతిలోని రంగును మెచ్చుకొనునప్పుడు, దాని క్రింద ఎన్నిసార్లు రుద్దితివి, ఎన్నినాళ్లు ఆరనిచ్చితివి అని కూడ అడుగుడు. ఆ ప్రశ్న వారికి ఓర్పు నేర్పును. అట్లు చేసిన 'అ' అను ఫలకము ఈ యేడు శిశుతరగతిలో చేరిన బిడ్డకును, వాని వెనుక రాబోవు తమ్మునికిని కూడ పనికివచ్చును.